తడి గోడ మీద టేకు

దయమ్మ ఇంటికి ప్రార్థన వంతు వస్తోందంటే ఆ ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడేది.

వాళ్ళ సంఘంలో శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళ కూడిక ఉంటుంది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత చాయ్. బీదర్ పాత సందుల్లో ఉండే ఆ కొద్దిపాటి తెలుగు క్రైస్తవ కుటుంబాలకు అది చిన్న పండగే. వంతు వచ్చిన ఇల్లు వాకిలి కడిగి, చాపలు దులిపి, చుట్టుపక్కల ఇళ్ళ నుంచి గ్లాసులు అడిగి తెచ్చుకుంటుంది. ఎవరి ఇంట్లో పరదాలు కొత్తవో, ఎవరి చాయ్ నీళ్ళలా ఉందో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద తేలిపోతుంది.

దయమ్మ చాయ్‌కి ఎవరూ వంక పెట్టలేదు. వంకంతా గోడతోనే.

అది ముందుగదిలో పడమటి గోడ. పాత ఎర్రరాయి కట్టడం, పైన సున్నం. గోడకు అవతల ఇంటి యజమాని వామన్‌రావు వాళ్ళ మోరి ఉంది. వాళ్ళింట్లో గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది, స్నానాల నీళ్ళు పారేది అన్నీ ఆ మోరిలోనే. మోరి గచ్చు ఎప్పుడో పగిలింది. నీళ్ళు కాలవలోకి పోకుండా రాయిలోకి దిగి, ఇవతల దయమ్మ గదిలో తేలేవి. ఎండాకాలం గోడకు తెల్లగా ఉప్పు పూసి, సున్నం పొట్టులా రాలేది. వానాకాలం మాత్రం కింది నుంచి మనిషి భుజం ఎత్తు దాకా నల్లగా బూజు పట్టి, ముట్టుకుంటే వేలికి అంటుకునేది.

పోయిన వానాకాలం వంతు వచ్చినప్పుడు హేబ్సిబా ఆ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఆడవాళ్ళ కూడికకు పెద్ద. తెల్లచీర తప్ప కట్టదు. ప్రార్థన అయ్యి లేచేసరికి వీపంతా నల్లటి మరక.

"పోనీలే దయమ్మా, ఉతికితే పోతది" అంది హేబ్సిబా, మంచిగానే.

అంతలో ఆమె వెంట వచ్చిన మనవరాలు ముక్కు పట్టుకుని, "అవ్వా, ఈ ఇంట్ల తడిసిన కుక్క వాసనొస్తుంది" అంది.

అందరూ నవ్వారు. దయమ్మ కూడా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక గ్లాసులన్నీ కడిగి బోర్లించి, అన్నం తినకుండా పడుకుంది.

ఆ తర్వాత వంతు వచ్చిన ప్రతిసారీ ఒంట్లో బాగాలేదని కబురు పంపేది. ఆమెకు దమ్ము ఉన్నమాట నిజమే. చల్లగాలి తగిలితే ఎగశ్వాస వచ్చేది. కానీ అప్పట్లో అది మందుబిళ్ళకు తగ్గేది. సాకుగా చెప్పుకున్న జబ్బు చెప్పగా చెప్పగా ఆమె ఒంట్లో స్థిరపడిందేమో అని కూతురు క్రిస్టీకి అనిపించేది.

క్రిస్టీకి పదిహేడేళ్ళు. ఊళ్ళోనే కాలేజీలో చదువుతోంది. కొత్తవాళ్ళు ఎదురైతే మాట గొంతులోనే ఆగిపోయే పిల్ల. క్లాసులో హాజరు పలికినా పంతులుకి వినబడేది కాదు. రోజూ అమ్మ మంచం పక్కన కింద చాప వేసుకుని పడుకుంటుంది కాబట్టి, అమ్మ ఊపిరి ఎప్పుడు బాగుందో ఎప్పుడు బాగాలేదో ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా ఈల వినిపిస్తే ఆ రోజు మంచిది కాదు.

ఆ ఏడు ముసురు పట్టిన రోజుల్లోనే మళ్ళీ వంతు వచ్చింది.

దయమ్మ భర్త బర్నబా కొల్హార్‌లోని చెక్కపని కార్ఖానాలో మిస్త్రీ. షేర్ ఆటో దిగి, జుట్టులో పొట్టుతో ఇంట్లోకి వచ్చి చెప్పులింకా విడవకముందే దయమ్మ అందుకుంది.

"ఈసారి వంతు నేను కాదనను."

"ఎవరు కాదనమన్నరు?"

"ఆ గోడ అట్లుంటే ఎట్ల రమ్మంట మందిని?"

"వానలు పోనీ దయా. దసరా దాటితే గోడ ఎండుతది. అప్పుడు మంచిగ చేస్త."

"దసరా దాటితే వంతు ఇంకెవరి ఇంటికో పోతది. నా వంతు ఈ నెల."

"సేటుకు చెప్పిన గదా. మోరి మరమ్మత్తు చేపిస్తనన్నడు. దసరా అయినంక మిస్త్రీ వస్తడంట."

"పోయినేడు గూడ అన్నడు. ఆయన అనుకుంటనే ఉంటడు, నువ్వు వినుకుంటనే ఉంటవు." దయమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "చిట్గుప్ప ఫంక్షన్ హాలుకు టేకు గోడ పెట్టినవు. ఎవరో డాక్టరు పండుకునే గదికి పెట్టినవు. నీ పెండ్లానికి ఒక్క గోడ పెట్టరాదా?"

బర్నబా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తడి గోడను చెక్కతో మూయకూడదని తన పనివాళ్ళకు నేర్పిన మనిషి అతను. చెమ్మ ఉన్న గోడ మీద పని ఎంత పెద్దవాళ్ళు చెప్పినా ఒప్పుకునేవాడు కాడు. ముందు నీళ్ళు ఆపండి, గోడ ఎండనివ్వండి, అప్పుడు పిలవండి అని పనిముట్ల సంచీ సర్దుకుని వచ్చేసేవాడు. కానీ ఆ ఇళ్ళల్లో ఎవరూ పెళ్ళాం ముఖం పెట్టుకుని అడగలేదు.

చిట్గుప్ప హాలు పనిలో మిగిలిన టేకు పొర అతికించిన ప్లైవుడ్ ముక్కలు కార్ఖానాలో ఒక మూల పడి ఉన్నాయి. ఓనరు తీసుకుపొమ్మన్నాడు. శనివారం బర్నబా వాటిని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. సాయానికి తన జోడీ పనివాడు అంబాదాస్‌ను పిలుచుకున్నాడు.

అంబాదాస్ గదిలోకి రాగానే అరచేయి గోడకు ఆనించి, తీసి చూసుకున్నాడు.

"అన్నా, ఇది గోడనా చెరువు కట్టనా? చేపలు గూడ పెంచుకోవచ్చు."

"నోరు మూసుకుని రీపర్లు దించు."

"నేనేమంటున్న? మొన్న ఆ బ్యాంకాయనకు నువ్వేం జెప్పినవు? 'సార్, తడి గోడకు చెక్క పెడితే శవానికి సూటు తొడిగినట్టు' అన్నవా లేదా?"

గుమ్మం దగ్గర కూర్చున్న దయమ్మ వినేసింది. "అంబాదాసూ, నువ్వు పనికొచ్చినవా, పంచాయితీకొచ్చినవా?"

"పనికే వదినా, పనికే. నువ్వు చాయ్ పెడితే పంచాయితీ బంద్."

ముందు ఇనుప బ్రష్‌తో బూజంతా గీకారు. నల్లటి పొడి గదంతా లేచింది. క్రిస్టీ అమ్మను లేపి బయట అరుగు మీద కూర్చోబెట్టింది. తర్వాత గోడకు టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టారు. మధ్యాహ్నానికి పైపైన ఆరినట్టు కనిపించింది. బర్నబా గుండు వేలాడదీసి నిలువు చూసుకుని, గోడకు రంధ్రాలు వేసి, మేకులు పట్టేందుకు చెక్క బిరడాలు దిగ్గొట్టాడు. రంధ్రం వేసినప్పుడల్లా రాతిపొడి తడి ముద్దలా బయటికి వచ్చింది. అతను దాన్ని వేలితో తుడిచేసి పక్కకు జరిగాడు. సన్నటి చెక్క పట్టీల్లాంటి ఆ రీపర్ల వెనక తారు పూసి గోడకు బిగించాడు. వాటి మీద ప్లైవుడ్ పలకలు, పలకకూ పలకకూ మధ్య సన్నటి గాడి. టేకు చారలు ఒక పలక నుంచి ఇంకో పలకకు తెగకుండా సాగేటట్టు ఏరి ఏరి పెట్టాడు. మొదలుపెట్టేటప్పుడు బలవంతంగా మొదలుపెట్టినవాడే, సాయంత్రానికి పనిలో పడిపోయి ఈల వేయసాగాడు. నాయిన చేతిపని ఇంట్లో చూడటం క్రిస్టీకి అదే మొదటిసారి.

పలకలకు పైనా కిందా రెండు వేళ్ళ వెడల్పు సందు వదిలాడు.

మంగళవారానికి పాలిష్ కూడా అయిపోయింది. దీపం పెట్టగానే గది మొత్తం తేనె రంగులోకి మారింది. దయమ్మ లోపలికి వచ్చి చాలాసేపు నిలబడి చూసింది. తర్వాత కింద చాప మీద కూర్చుంది. కూర్చుని అక్కడి నుంచి చూసింది.

"ఆ కింద సందు మూయవా?"

"అది మూసేది కాదు. గోడకు గాలాడాలె. కింద నుంచి పోయి పైనుంచి ఎల్లాలె."

"కూసున్నోళ్ళ కండ్లు సీదా అక్కడ్నే పడతయి. చూడు, నల్లగ కనిపిస్తలేదా? హేబ్సిబక్క ఇక్కడ కూసుంటది. పాట పాడుకుంట అదే చూస్తది."

"చాప జర దూరం వేయరాదా?"

"గది ఎంతుందని దూరం వేస్త?"

పాలిష్ వేసిన గుడ్డలు సర్దుకుంటున్న అంబాదాస్ తలెత్తాడు. "వదినా, అది గోడకు ముక్కు అనుకో. ముక్కు మూస్తే ఎట్ల?"

"నీ ఇంటి గోడకు ముక్కు, చెవులు, మీసాలు అన్నీ పెట్టుకో. నా గోడకొద్దు."

అంబాదాస్ నవ్వి బర్నబా వైపు చూశాడు. బర్నబా నవ్వలేదు. సంచీలోంచి సన్నటి టేకు బద్ద తీశాడు. దాన్ని ఎందుకు కొలతకు కోసి తెచ్చుకున్నాడో, ఎప్పుడు కోశాడో అంబాదాస్‌కు తెలియదు. కింది సందు మీద బద్ద పెట్టి మేకులు కొట్టాడు. తర్వాత పీట ఎక్కి ఇంకో బద్దతో పై సందు కూడా మూశాడు. కిందదే మూయమంది దయమ్మ. కానీ కింద బద్ద ఉండి పైన లేకపోతే పని సగంలో ఆపినట్టు కనిపిస్తుంది. మిస్త్రీ కన్ను అందుకు ఒప్పుకోలేదు.

శుక్రవారం కూడిక దయమ్మ జీవితంలోనే గొప్పగా జరిగింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది పాత ఇల్లేనా?" అంది ఒకామె.

"బర్నబన్న చేసిండా? పెద్ద హోటల్లెక్కుంది."

హేబ్సిబా పలకలను వేలి కొనలతో తడిమి, వేలు చూసుకుంది. శుభ్రంగానే ఉంది. ఈసారి నిశ్చింతగా ఆనుకుని కూర్చుంది. ప్రార్థనలో ప్రత్యేకంగా ఈ ఇంటిని, ఈ గోడ చేసిన బర్నబా చేతులను దీవించమని అడిగింది. దయమ్మ కళ్ళు మూసుకుని "ఆమేన్, ఆమేన్" అంటూ ఉంటే, పక్కన కూర్చున్న క్రిస్టీకి ఆ రెండు మాటల మధ్య ఈల వినిపించింది. అమ్మ ముఖం మాత్రం వెలిగిపోతోంది. అంత వెలుగులో ఆ ఈల మాట ఎలా అనాలో క్రిస్టీకి తెలియలేదు.

మరుసటి రోజు వామన్‌రావు కిరాయి కోసం వచ్చాడు. బజారులో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఆయనది. పలకరిస్తే నవ్వుతూ మాట్లాడే మనిషి. చెడ్డవాడని ఎవరూ అనరు.

"అరె వాహ్ బర్నబయ్యా! నా ఇంట్ల గూడ లేదయ్యా ఇసొంటి గోడ. మా ఇంటామె రాధాబాయి చూస్తే నా పానం తీస్తది, నాకూ పెట్టించు అని."

"మీకు కావాలంటే పెడత సేటు. ముందుగాల ఆ మోరి సంగతి..."

"ఇంకా మోరేంది? గోడ మస్తుగ అయిపాయె. నీళ్ళు ఆ దిక్కు, నువ్వు ఈ దిక్కు. దసరాకు మిస్త్రీని పిలుద్దామనుకున్న. ఇగ ఆయన్ని గోదాము కప్పు మీదికి పంపుత, అది కారుతాంది."

"లోపట చెమ్మ అట్లనే ఉంది సేటు."

"ఏదీ? నాకైతే కనపడ్తలేదు" అన్నాడు వామన్‌రావు, నిజంగానే గోడంతా వెతికి చూసి.

రెండేళ్ళుగా బర్నబా ఆయన్ని ఆ గోడ ముందు నిలబెట్టి, వేలితో గీకి చూపిస్తూ వచ్చాడు. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు. చూపించాల్సినదాన్ని తన చేతులతో తనే మూశాడు.

వానలు తగ్గలేదు. గదిలో ఒక కొత్త వాసన మొదలైంది. మునుపటి తడి వాసన కాదు. మూతపెట్టి మరిచిపోయిన గిన్నె తెరిస్తే వచ్చే వాసన. దయమ్మ దాన్ని పాలిష్ వాసన అంది. పొద్దున, సాయంత్రం నిప్పుల మీద సాంబ్రాణి చల్లి లోబాన్ పొగ వేసింది. ఆ పొగకు దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకునేది. మంచం మాత్రం ఆ గోడకే వేయించుకుంది. ఎవరు వచ్చినా ఆ తేనెరంగు పలకల ముందు దిండుకు ఆనుకుని కూర్చున్న దయమ్మ కనబడాలి. చూడటానికి చాలామంది వచ్చేవారు.

మందుబిళ్ళకు తగ్గే దమ్ము బిళ్ళకు తగ్గడం మానేసింది. ముందు మెట్లు ఎక్కలేకపోయింది. తర్వాత బిందె ఎత్తలేకపోయింది. తర్వాత ఒక మాట మొదలుపెడితే చివరిదాకా చెప్పలేక మధ్యలో చెయ్యి ఊపి వదిలేసేది.

ఒక పొద్దున అమ్మ వాకిట్లో ఉండగా క్రిస్టీ గదిలోకి వచ్చేసరికి బర్నబా గోడ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెవి పలకకు ఆనించి, వేలి కణుపుతో కొడుతున్నాడు. పైన టక్ టక్‌మని గట్టిగా పలికింది. కిందికి వచ్చేసరికి ఆ చప్పుడు మెత్తబడి, అట్టపెట్టె మీద కొట్టినట్టయింది.

"నాయినా, లోపట ఉబ్బిందా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "లే. ఊకెనే చూస్తున్న."

"అమ్మకు దీనివల్లనే ఎక్కువైతాంది. తీసేద్దాం నాయినా."

"గట్టిగ అనకు."

"నువ్వే చెప్పు అమ్మకు. నువ్వు చెప్తే వింటది."

"ఏమని చెప్పాలె?" బర్నబా గొంతు బాగా తగ్గించాడు. "పెండ్లయిన కాడికెల్లి అది నన్ను అడిగింది ఇదొక్కటే బిడ్డా. రెండు నెలలు గూడ కాలే. మంది ముంగట తీసేస్తే అది బతుకుతదా?"

తీయకపోతే బతుకుతుందా అని అడగాలనుకుంది క్రిస్టీ. బర్నబా సంచీ భుజాన వేసుకుని ఆటో కోసం వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం దయమ్మ పెదాలు నీలంగా మారాయి. క్రిస్టీ వీధిలోకి పరుగెత్తి, జీవితంలో మొదటిసారి గొంతెత్తి అరిచి ఆటోను ఆపింది. పెద్ద దవాఖానకు చేరేసరికి బర్నబా కూడా కొల్హార్ నుంచి వచ్చి కలిశాడు.

ముక్కుకు గొట్టం పెట్టాక దయమ్మ కొంచెం తేరుకుంది. పరీక్షించిన డాక్టరమ్మ వయసులో చిన్నది, ధార్వాడ దిక్కు మనిషి. ఆమెకు తెలుగు రాదు. దయమ్మ జహీరాబాదు దిక్కు పల్లె నుంచి వచ్చింది, ఆమె కన్నడం కూరగాయల బండి దాకే. బర్నబాకు వచ్చింది కార్ఖానాలో మాట్లాడే దక్కనీ ఉర్దూ. అందుకని మధ్యలో క్రిస్టీ నిలబడాల్సి వచ్చింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూస్తూ అడిగింది. "మనెల్లి తేవ ఇదెయా? గోడె ఎల్లా హేగిదె?"

"ఇంట్లో చెమ్మ ఉందా, గోడలు ఎట్లున్నయి అని అడుగుతుందమ్మా" అంది క్రిస్టీ.

దయమ్మ గొట్టం కొంచెం పక్కకు జరుపుకుంది. "లేదని చెప్పు. మంచిగున్నయి. టేకు గోడలని చెప్పు. మా ఆయనే చేసిండని చెప్పు."

క్రిస్టీ నాయిన వైపు చూసింది. బర్నబా మంచం కాళ్ళ దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు. అతని గోళ్ళ సందుల్లో పాలిష్ ఇంకా పోలేదు.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

క్రిస్టీ క్లాసులో వినిపించని ఆ గొంతుతోనే, కన్నడంలో, తప్పులు పోతున్నా ఆగకుండా చెప్పింది. గోడ తడిసి ఉందని, నల్లగా బూజు ఉందని, దాని మీద చెక్క వేసి పైనా కిందా మూశామని, అమ్మ మంచం ఆ గోడకే ఉందని. డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. ఎంతకాలం నుంచి అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

దయమ్మకు అంత కన్నడం రాకపోయినా గోడె అనే మాట పదే పదే వినిపించింది. తన మాట కంటే కూతురి జవాబు చాలా పొడుగ్గా ఉంది. డాక్టరమ్మ ముఖం మారడం కూడా చూసింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైపోయింది. గొట్టం ముక్కుకు సర్దుకుని మొహం అటు తిప్పుకుంది.

బయట వరండాలో డాక్టరమ్మ చెప్పినదాన్ని క్రిస్టీ నాయినకు తెలుగులో చెప్పింది. చెక్క వెనక పెరిగిన బూజు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయింది. పాడైన భాగం మళ్ళీ బాగుపడదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే ఆమె ఆ గాలి పీల్చకూడదు.

"మళ్ళ మంచిగ కాదా?" అని అడిగాడు బర్నబా.

"కాదంట నాయినా."

"అడుగు ఇంకోసారి."

ఆమె మళ్ళీ అడిగింది. జవాబు మారలేదు.

దయమ్మ దవాఖానలో ఉన్నన్ని రోజులూ క్రిస్టీతో మాట్లాడలేదు. గంజి తాగించినా, తల దువ్వినా, నీళ్ళ కుండీ దాకా నడిపించినా ఒక్క మాట లేదు. ఏదన్నా కావాలంటే పక్క మంచం వాళ్ళ చేత అడిగించేది. ఊపిరి దాచుకోవడానికి మాట్లాడటం లేదని నర్సులు అనుకున్నారు. క్రిస్టీ వాళ్ళను అలాగే అనుకోనిచ్చింది.

ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్నే బర్నబా పనిముట్లు తీశాడు. ముందు కింది బద్ద ఊడదీశాడు. దాని వెనక మేకులు తుప్పు పట్టి, పట్టకారు పెట్టగానే తల ఊడి వచ్చాయి. మొదటి పలక కింద పట్టుకుని లాగితే చెక్క విరగలేదు, తడి అట్టలా చిరిగింది. పైన తేనెరంగు టేకు పొర చేతికి వచ్చింది, లోపలిదంతా గుజ్జు. పలకల వెనక భాగం మీద ఆకుపచ్చ, నలుపు కలిసిన నూగు పట్టి ఉంది. కొన్నిచోట్ల అది గోడకూ చెక్కకూ మధ్య మెత్తటి పరుపులా అల్లుకుంది. మంచం తలగడ ఉండేచోటే అన్నిటికంటే మందంగా ఉంది.

క్రిస్టీ చున్నీ ముక్కుకు కట్టుకుని పలకలు బయట వేసింది. చివరి పలక తీశాక బర్నబా దాన్ని బయటికి ఇవ్వకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

"నాకు తెల్సు బిడ్డా" అన్నాడు. "బద్ద ఇంట్ల కోయలే. కార్ఖానలనే కోసి తెచ్చిన. అది అడుగుతదని తెల్సు, అడిగితే కాదననని తెల్సు."

క్రిస్టీ ఆ పలకను అతని చేతుల్లోంచి తీసుకుంది.

వామన్‌రావు చప్పుడు విని వచ్చాడు. గుమ్మంలోనే ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు. ఈసారి గోడను ఎవరూ చూపించాల్సిన పని లేకపోయింది.

"నాకేమెరుక బర్నబయ్యా? నువ్వే గదా మూసినవు" అన్నాడు. ఆ మాట నిజమే. మిస్త్రీ గోదాము కప్పు మీద ఉన్నాడని, అది అయిపోగానే పంపుతానని చెప్పి వామన్‌రావు వెళ్ళాడు.

మధ్యాహ్నం దయమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఆమె గుమ్మం పట్టుకుని గోడను చూసింది. రంధ్రాల్లో బిరడాలు అలాగే ఉన్నాయి. నలుపు ఇప్పుడు భుజం ఎత్తు దాటి, తలుపు చట్రం ఎత్తు దాకా ఎక్కింది. మంచం గది మధ్యకు లాగి ఉంటే, ఆమె దాన్ని మళ్ళీ పాతచోటికి జరపమని చేత్తో చూపించింది. బర్నబా కదల్లేదు. ఆమె చెయ్యి అలాగే పైకి ఉంచింది. చివరికి అతనే ఓడిపోయి మంచాన్ని గోడకు జరిపి, ఆమెను దాని మీద పడుకోబెట్టాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. దవాఖాన నుంచి వచ్చిందని తెలిసి హేబ్సిబా, ఇంకో నలుగురు ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. హేబ్సిబా చేతిలో బత్తాయిల సంచీ. "వందనాలు దయమ్మా" అంటూ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. వెనకవాళ్ళు కూడా ఆగిపోయారు. ఒకామె కొంగు ముక్కు దాకా తీసుకుపోయి, మళ్ళీ దించేసింది.

"ఏమాయె గోడకు?" అంది హేబ్సిబా.

దయమ్మ దిండు మీద కొంచెం పైకి జరిగింది. ఊపిరి కూడగట్టుకుంది. "పాలిష్... మంచిగ రాలేదని... మళ్ళ తీసిండు. ఇంకా మంచిది..." మిగతా మాట రాలేదు. ఛాతీ ఎగిసిపడుతోంది. చెయ్యి గాలిలో ఊపింది.

ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి ఆ గోడలో ఏమీ మిగల్లేదు. హేబ్సిబా చూపు దయమ్మ మీది నుంచి తలవంచుకుని నిలబడ్డ బర్నబా మీదికి, అక్కడి నుంచి క్రిస్టీ మీదికి వచ్చింది.

"అవునా బిడ్డా?"

అందరూ క్రిస్టీ వైపు తిరిగారు. దయమ్మ కూడా తిరిగింది. దవాఖాన తర్వాత అమ్మ తనను నేరుగా చూడటం అదే మొదలు. ఆ కళ్ళల్లో కోపం లేదు. పెద్ద భయం ఉంది. ఊపిరి అందక పెదాలు నీలమైననాడు కూడా క్రిస్టీ ఆ కళ్ళల్లో అంత భయం చూడలేదు.

"అవునత్తా" అంది క్రిస్టీ. గొంతు అందరికీ వినపడేటట్టు. "పాలిష్‌కే తీసిండు నాయిన. ఈసారి ఇంకా మంచి చెక్క తెస్తడు."

హేబ్సిబా కొంతసేపు ఆమెనే చూసింది. "మంచిది బిడ్డా" అని మంచం దగ్గర కూర్చుంది. ఈసారి గోడకు ఆనుకోలేదు, నిటారుగా కూర్చుంది. అందరూ తలలు వంచారు. ప్రార్థనలో ఎవరూ గోడ మాట ఎత్తలేదు. స్వస్థత ఇవ్వమని అడిగారు. హేబ్సిబా గొంతు ఆగినప్పుడల్లా ఈల వినిపిస్తూనే ఉంది. ఒకామె ప్రార్థన మధ్యలోనే ఏడ్చింది.

వాళ్ళు వెళ్ళాక దయమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుని క్రిస్టీ బత్తాయిలు లోపల పెట్టి వచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"క్రిస్టీ."

"అమ్మా."

"మంచం... అటు జరుపు. వాకిలి దిక్కు."

తండ్రీ కూతుళ్ళు చెరోవైపు పట్టుకుని, ఆమె ఉండగానే మంచాన్ని ఎత్తారు. ఇద్దరికీ బరువు అనిపించలేదు. ఎంత చిక్కిపోయిందో అప్పుడే తెలిసింది. గుమ్మం పక్కన దించారు. బయట వాన పడుతూనే ఉంది, తుంపర ఆమె పాదాల మీద పడుతోంది. క్రిస్టీ దుప్పటి కప్పబోతే వద్దంది. మొహం వాకిలి వైపు పెట్టుకుని, నోరు తెరిచి, బయటి గాలిని లోపలికి లాక్కోవడానికి ప్రయత్నించింది. గాలి నిండా ఉంది. ఆమెకు అందినంతే అందింది.